తొలగించు అనే లింకు

మా బాబాయికి మౌస్ అంటే లోకువ. "బొమ్మలు నొక్కేవాళ్లని నొక్కుకోనీ, మనం పని చేసుకుందాం" అంటాడు. ఆయన తెర మీద ఎప్పుడు చూసినా ఒక నల్లటి కిటికీ, అందులో తెల్లటి అక్షరాలు. ఎవరి వెబ్‌సైటు పడిపోయినా ఆ కిటికీలో కమాండ్లు కొట్టే లేపి నిలబెడతాడు. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని కమాండర్ అంటారు. అందరూ అంటే పెద్ద సైన్యమేమీ కాదు. బాబాయి, జమాఖర్చులు చూసే పిన్ని, నేను. నాకు ఆయన పెట్టిన పేరు కందిరీగ. ఆ పేరు నాకు నచ్చలేదని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

ఆఫీసంటే కళ్లద్దాల దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో మా బల్లలు, వెనక గదిలో ఎప్పుడూ రొద చేసే సర్వర్లు. చదువయ్యాక ఎక్కడా పని దొరక్క నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, బాబాయే వచ్చి తీసుకెళ్లి ఆ బల్ల ముందు కూర్చోబెట్టాడు. సర్వర్‌లోకి ఎలా దిగాలో, తప్పు ఎక్కడ జరిగిందో అది రాసుకునే చిట్టాలో, అంటే లాగ్‌లో, ఎలా వెతకాలో, మనం రాసిన కోడ్‌ని మనమే ఎలా అనుమానించాలో ఆయనే నేర్పాడు. నాకు తెలిసిన విద్యంతా ఆయన పెట్టిన భిక్షే. ఇది ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసింది వినేవాళ్లు, పాపం ఈ పిల్లకి ఆయన విలువ తెలియదేమో అనుకోకూడదు.

మా ఖాతాదారుల్లో పెద్దది ఒక ఆసుపత్రి. అక్కడి డయాలసిస్ విభాగం అపాయింట్‌మెంట్ల సైటు బాబాయి రాసిందే. మూత్రపిండాలు పాడైనవాళ్లు తప్పకుండా వాళ్ల రోజున, వాళ్ల వేళకి వచ్చి రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఎవరు ఎప్పుడు రావాలో ఆ సైటులో ఉంటుంది. కౌంటర్లో కూర్చునే ఆవిడ తన పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళితే రోగుల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఒక్కో పేరు పక్కన రెండు లింకులు. ఒకటి "మార్చు", రెండోది "తొలగించు".

ఆ కౌంటర్ ఆవిడని రోగులంతా కౌంటర్ అక్క అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేదాన్ని. సైటులో ఏది వంకరగా ఉన్నా ఫోన్ చేసి చెప్పేది ఆవిడే. చాలామంది "పనిచేయట్లేదు" అని పెట్టేస్తారు. ఆవిడ ఏం నొక్కిందో, ఏం కనిపించిందో, అంతకుముందు ఏం చేసిందో అన్నీ చెప్పేది. మా వృత్తిలో అలాంటివాళ్లు దొరకడం అదృష్టం.

ఒక సోమవారం పొద్దున ఆసుపత్రి వాళ్లు సైటు తెరిస్తే ఒక్క పేరూ లేదు. గుమ్మం దగ్గర రోగులున్నారు, ఎవరి వంతు ముందో ఎవరికీ తెలియదు. గట్టిగా అరిచినవాళ్లు ముందు లోపలికి వెళ్లారు. గట్టిగా అరవలేని ఒక ముసలావిడ పేరు లేదని ఇంటికి పంపించారు. సాయంత్రానికి ఆవిడకి ఊపిరాడలేదు. కొడుకు బస్సు డ్రైవరు. తల్లిని భుజాన వేసుకుని అత్యవసర విభాగానికి పరిగెత్తాడు. ఆవిడ బతికింది. కానీ మర్నాడు ఆ డ్రైవరు కౌంటర్ ముందు నిలబడి అక్కని తిట్టిన తిట్లు మూడంతస్తులకీ వినిపించాయట.

పేర్లు ఎవరు తొలగించారో చూడమన్నారు ఆసుపత్రి సూపరింటెండెంటు గారు. సైటు తన దగ్గర రాసుకున్న చరిత్రలో ప్రతి పేరు పక్కనా తొలగించినది ఎవరంటే కౌంటర్ అక్క అని ఉంది. అంతకు ముందు వారమే అక్క సెలవడిగింది, ఆయన ఇవ్వలేదు, ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఇంకేం కావాలి? కక్షకొద్దీ చేసిందన్నారు. క్యూలో ఉన్న జనం చూస్తుండగా ఆవిడని కుర్చీలోంచి లేపి ఇంటికి పంపించారు. తర్వాత మా బాబాయికి ఫోన్ చేసి, "మీ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఏమీ లేదని ఒక్క ముక్క రాసివ్వండి, ఈ గొడవ ముగించేస్తాం" అన్నారు.

"ఒకసారి చూసి రాసిచ్చేయవే" అని బాబాయి నాకు పురమాయించి, పోయిన పేర్లని తన దగ్గరున్న పాత నకలు నుంచి తిరిగి ఎక్కించే పనిలో పడ్డాడు.

చూసి రాయమన్నాడు కాబట్టి చూశాను. సైటు రాసుకునే చరిత్ర వేరు, దాని కింద సర్వర్ రాసుకునే లాగ్ వేరు. సైటు ఎవరి లాగిన్‌తో పని జరిగిందో మాత్రమే రాస్తుంది. సర్వర్ ఏ పేజీని ఎవరు అడిగారో, ఏ పనిముట్టుతో అడిగారో రాస్తుంది. పేర్లు పోయాయని తెలియడానికి ముందురోజు, అంటే ఆదివారం నాటి వరసలన్నీ బయటికి లాగాను. "తొలగించు" లింకు తెరిచిన వరసలు మాత్రమే వేరు చేశాను. పేజీలో మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా, ఒక్కటి కూడా పొల్లు పోకుండా, వరసగా తెరిచారు. కక్ష ఉన్న మనిషి అంత క్రమశిక్షణగా చేయదు. కోపంతో చేసే మనిషి మధ్యలో ఎక్కడో ఒకచోట ఆగుతుంది, తడబడుతుంది. ఇదేమో చకచకా ఊడ్చుకుంటూ పోయింది.

ప్రతి వరస చివరా, అడిగిన పనిముట్టు పేరు రాసి ఉంది. చీపురు.

చీపురంటే బాబాయి రాసుకున్న చిన్న ప్రోగ్రాము. సైటులో ప్రతి పేజీకీ వెళ్లి, అక్కడున్న ప్రతి లింకునీ తెరిచి చూసి, ఏది విరిగిందో చెబుతుంది. ప్రతి ఆదివారం తనంతట తానే నడుస్తుంది. దానికి ఆ పేరు పెట్టింది ఆయనే. లాగ్‌లో సులువుగా కనబడాలని ఆ పేరుతోనే పంపుతాడు. ఇన్నాళ్లూ అది లాగిన్ పేజీ దగ్గరికి వెళ్లి, లోపలికి దారి లేక, వెనక్కి వచ్చేసేది. మరి ఈసారి లోపలికి ఎలా వెళ్లింది? అది కూడా అక్క పేరుతో?

బాబాయి ఎవరో ఖాతాదారు దగ్గరికి వెళ్లాడు. నేను తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను.

ఇరుకు మెట్లెక్కితే రెండో అంతస్తులో ఇల్లు. తలుపు తీసే ఉంది. ముందు గదిలో కుట్టుమిషను, దాని మీద సగం కుట్టిన పిల్లల స్కూలు చొక్కా. అక్క భర్త కిటికీ దగ్గర కూర్చుని రేడియో విప్పి బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచి లోపలికి వెళ్లిపోయాడు. మాట్లాడితే ఏమంటాడో ఆయనకే భయమేసినట్టుంది.

"రాసిచ్చేశారా?" అంది అక్క. నమస్కారం లేదు, కూర్చోమనడం లేదు.

"ఇంకా లేదక్కా. అందుకే వచ్చాను. ఈ మధ్య మీ పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చారా?"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకే తల కొట్టేసినట్టయింది. "నువ్వన్నా అడిగావు తల్లీ. సూపరింటెండెంటు గారు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఇచ్చాను. మీ బాబాయి గారికే ఇచ్చాను. లాగిన్ అయ్యాక పేజీ తెల్లగా వస్తోందని నేనే ఫోన్ చేశాను కదా? నా పేరుతో వెళ్లి చూస్తే గానీ తెలియదన్నారు. సూపరింటెండెంటు గారిని అడిగితే, వాళ్లేం అడిగితే అది ఇవ్వు, ముందు పేజీ తెరుచుకోవాలి అన్నారు. ఇచ్చాను."

"మరి ఆ మాట వాళ్లకి చెప్పలేదా?"

"ఎవరు వినిపించుకున్నారు? క్యూలో అందరూ చూస్తున్నారు. లే అన్నారు, లేచాను. ఇంతకాలం అక్కా అక్కా అన్నవాళ్లే నేను నడుచుకుంటూ వస్తుంటే పక్కకి తప్పుకున్నారు." ఆవిడ చొక్కా తీసి మడత పెట్టింది, మళ్లీ విప్పింది. "ఇంకోచోట పని చూసుకోమంటున్నాడు మా ఆయన. చూసుకోగలను. కానీ రోగుల్ని చంపబోయిన మనిషిగా పోను. ఆ మాట నా మీద ఉండగా నేనెక్కడికీ పోను."

నాకప్పుడే ఒళ్లు మండిపోయింది. అక్క మీద కాదు, ఆ సూపరింటెండెంటు మీద కూడా కాదు. తిరిగి వస్తూ దారిపొడుగునా మా బాబాయితో మనసులోనే పోట్లాడుతూ వచ్చాను.

చీపురు ఉండే ఫోల్డరు తెరిచేసరికి అంతా తేలిపోయింది. మనం లాగిన్ అయ్యాక సర్వర్ మన చేతికి ఒక టోకెన్ ఇస్తుంది. ఆ తర్వాత ఆ టోకెన్ ఎవరు చూపించినా సర్వర్‌కి వాళ్లే మనం. బాబాయి అక్క పాస్‌వర్డ్‌తో కమాండ్ కొట్టి లోపలికి వెళ్లాడు. వచ్చిన టోకెన్‌ని ఒక ఫైల్లో దాచుకున్నాడు. పేజీ ఎందుకు తెల్లగా వస్తోందో కనిపెట్టి సరిచేశాడు. ఆ ఫైలు తీసేయడం మర్చిపోయాడు. అదీ చీపురు పక్కనే. చీపురు ఆదివారం పొద్దున నిద్ర లేచింది. టోకెన్ కనిపిస్తే వాడుకునేలా రాసిందే కాబట్టి, పక్కనే ఉన్నదాన్ని తీసుకుని దర్జాగా లోపలికి వెళ్లింది. కనిపించిన ప్రతి లింకునీ బాగుందా లేదా అని తెరిచి చూసింది. "తొలగించు" కూడా లింకే కదా.

సాయంత్రం బాబాయి వచ్చి టీ కప్పు బల్ల మీద పెట్టాడో లేదో అడిగేశాను.

"బాబాయ్, చీపురు ఆసుపత్రి లోపలికి ఎందుకెళ్లింది?"

"ఏ చీపురు?"

"మనింట్లో ఉన్నది కాదు. నువ్వు రాసింది."

నా తెర వైపు వంగి చూశాడు. ఆయనకి విడమర్చి చెప్పనక్కర్లేదు. వరసలు కిందికి జరుగుతుంటే ఆయన మొహంలో రంగు మారడం నాకు కనిపించింది. తర్వాత అన్నది విని నాకు ఆశ్చర్యం వేసింది.

"తీసేసే ముందు, నిజంగా తొలగించాలా అని అడుగుతుంది కదా?"

"ఎవరు అడుగుతారు? బ్రౌజరు. నీ చీపురుకి బ్రౌజరెక్కడిది? సర్వర్ ఎవర్నీ ఏమీ అడగదు. లింకు తెరిస్తే చాలు, తీసిపారేస్తుంది."

"నాకు పాఠాలు చెప్పకు."

"నీ పాఠమే నీకు చెబుతున్నా. చూడ్డానికి వేరే దారి, మార్చడానికి వేరే దారి, రెండూ ఎప్పుడూ కలపకూడదు. నేను చేరిన కొత్తలో నువ్వు చెప్పిందే."

"అది ఎప్పటి కోడో. అప్పట్లో అందరం అలాగే రాసేవాళ్లం." కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే. ఆ లింకు ఇవాళే మార్చేద్దాం. టోకెన్ ఫైలు తీసేద్దాం. ఇకమీదట జరగదు. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు."

"మరి అక్క?"

ఆయన తల తిప్పుకున్నాడు. "ఆవిడకి ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. మనకి ఇంకో ఆసుపత్రి దొరకదు."

ఆ మాట మా బాబాయి నోట్లోంచి వచ్చిందని ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు. ఎవరిదో చిన్న దుకాణం సైటు పడిపోతే అన్నం ముందు నుంచి లేచి వెళ్లే మనిషి. తప్పు దొరికేదాకా నిద్రపోని మనిషి. అదే తప్పు తనదని తేలేసరికి పిల్లిలా పక్కకి తప్పుకుంటున్నాడు. ఏడుపొచ్చింది, దాని వెనకాలే కోపం వచ్చింది. నాకు రెండూ ఒకేసారి వస్తే కోపమే గెలుస్తుంది.

"లోపం లేదని నేను రాయను."

"నువ్వు రాయక్కర్లేదు. నేనే రాస్తా. నువ్వు నోరు మూసుకుని ఉంటే చాలు."

"రాయి. నువ్వు రాసింది అబద్ధమని నేను వెళ్లి వాళ్లకి చెప్తా."

"నా కంపెనీలో ఉంటూనా?"

"వద్దంటే బయటికెళ్లి చెప్తా. చెప్పడం మాత్రం ఆగదు."

బాబాయి పిన్ని వైపు చూశాడు. పిన్ని తన బల్ల దగ్గర కాగితాలు సర్దుతోంది. సర్దినవే మళ్లీ సర్దుతోంది. "నన్నడక్కండి" అంది తలెత్తకుండానే. "అడిగితే ఎవరికీ నచ్చని మాట చెప్తాను."

బాబాయి టీ తాగకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను అప్పుడే సూపరింటెండెంటు గారికి ఫోన్ చేసి, మర్నాడు వచ్చి కలుస్తామని, కౌంటర్ అక్కని కూడా పిలవమని చెప్పాను. కాగితం తెస్తున్నాననుకుని ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. నేనూ ఆ సంతోషాన్ని చెడగొట్టలేదు. తర్వాత ఆ సైటుని యథాతథంగా నా లాప్‌టాప్‌లోకి దింపుకున్నాను. రోగుల పేర్లు తీసేసి వాటి చోట పూల పేర్లు పెట్టాను. చీపురునీ తెచ్చుకుని పక్కన పెట్టాను. నడిపి చూశాను. మల్లె నుంచి మందారం దాకా ఒక్క పువ్వూ మిగల్లేదు.

మర్నాడు ఆఫీసు కిందికి దిగేసరికి బాబాయి కారులో కూర్చుని ఉన్నాడు. "ఎక్కు" అన్నాడు. ఎక్కాను. నన్ను ఆపడానికి వస్తున్నాడో, నాకు తోడుగా వస్తున్నాడో నాకు తెలియలేదు. ఆయనకైనా తెలుసో లేదో అనుమానమే.

సూపరింటెండెంటు గది చల్లగా ఉంది. అద్దం పరిచిన పెద్ద బల్ల, గోడకి పాత అధికారుల ఫోటోలు, ఒక మూల ఎవరూ నీళ్లు పోయని మొక్క. అక్క మాకంటే ముందే వచ్చింది. నిలబెట్టి మాట్లాడదామనుకున్నారేమో, ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా స్థిరంగా కూర్చుని ఉంది. బాబాయి గోడవార కుర్చీలో కూర్చున్నాడు.

"కాగితం తెచ్చారా?" అన్నారు ఆయన.

"కాగితం లేదు సార్. పేర్లు తొలగించింది ఈవిడ కాదు. మా ప్రోగ్రామే" అన్నాను. లాగ్ తీసి చూపించాను. చీపురు అన్న మాట మీద వేలు పెట్టి, ఇది మనిషి కాదని చెప్పాను.

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశారు. "ఈ గీతలు నాకేం తెలుస్తాయమ్మా? రేపు నువ్వే నాలుగు గీతలు రాసుకొచ్చి ఇదీ సంగతి అనొచ్చు. మా రికార్డులో ఆమె పేరు స్పష్టంగా ఉంది. లోపలికి వెళ్లింది ఆమె, నొక్కింది ఆమె. ఇంతకీ ఆమె మీకు చుట్టమా?"

"కాదు సార్. మీరైతే చుట్టం కాకపోతే నిజం చెప్పరా?"

గోడవార బాబాయి దగ్గాడు. ఆ దగ్గు అర్థం, ఆగవే అని. నేను ఆగలేదు. లాప్‌టాప్ ఆయన ముందుకి తిప్పాను.

"ఇది మీ సైటుకి నకలు. దీంట్లో రోగులెవరూ లేరు, పూల పేర్లున్నాయి. మీ పేరుతో ఒక కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని లోపలికి వెళ్లండి. నేను చూడను."

ఆయనకి సరదా వేసినట్టుంది. ఒక చేత్తో కీబోర్డు కప్పి, రెండో చేత్తో వెతుక్కుంటూ కొట్టారు. పూలన్నీ వరసగా కనిపించాయి. ఆయనకిచ్చిన టోకెన్‌ని ఫైల్లోకి తీసుకుని చీపురు పక్కన పెట్టాను. మా బాబాయి ఏం చేశాడో అదే చేశాను.

"ఇప్పుడు చేతులు తీసేయండి సార్. దేన్నీ ముట్టుకోకండి."

ఆయన చేతులు రెండూ ఎత్తి ఒళ్లో పెట్టుకున్నారు. నేను నల్లటి కిటికీ తెరిచి ఒక్క కమాండు కొట్టాను. తెల్లటి వరసలు గబగబా పైకి పాకి ఆగిపోయాయి. టీ కప్పు ఎత్తి కింద పెట్టేంత సేపు కూడా పట్టలేదు.

"పేజీ మళ్లీ తెరవండి."

తెరిచారు. ఒక్క పువ్వు లేదు.

"ఎవరు తొలగించారో చూడండి సార్."

చరిత్ర పేజీ తెరుచుకుంది. మల్లె, తొలగించినవారు సూపరింటెండెంటు. చామంతి, తొలగించినవారు సూపరింటెండెంటు. పేజీ కిందికి జరిపినకొద్దీ అదే. ఆయన నోరు కాస్త తెరుచుకుంది.

"ఎందుకు తీసేశారు సార్?" అన్నాను.

"నేనెక్కడ తీశాను! నేను ముట్టుకోలేదు! మీరంతా చూస్తూనే ఉన్నారుగా!"

"నేనూ అదే చెప్పాను సార్" అంది అక్క. "అప్పుడెవరూ చూడలేదు."

ఆయన పెద్ద హోదాలో ఉన్న మనిషి. అంత తొందరగా ఓడిపోవడం ఆయనకి అలవాటు లేదు. ఒక దారి దొరికింది. "అయితే ఈమె పాస్‌వర్డ్ బయటివాళ్లకి ఎందుకిచ్చింది? అది నిబంధనలకి విరుద్ధం కాదా?"

"మీరే ఇవ్వమన్నారు సార్. వాళ్లేం అడిగితే అది ఇవ్వు, ముందు పేజీ తెరుచుకోవాలి అన్నారు. మీ గుమ్మంలో నిలబడి అడిగాను."

ఆయన మొక్క వైపు చూశారు, ఫోటోల వైపు చూశారు. చివరికి గొంతు సవరించుకుని దయగల మొహం పెట్టారు. ఆ మొహం చూస్తే నాకు ఆయన కోపం మొహమే నయమనిపించింది. "సరేనమ్మా. జరిగిందేదో జరిగిపోయింది. ఈసారికి పెద్ద మనసు చేసుకుని వదిలేస్తున్నాం. రేపటినుంచి డ్యూటీకి వచ్చేయ్."

"నన్ను వదిలేయడానికి నేనేం చేశాను?"

"అబ్బ, ఇప్పుడు ఆ మాటెందుకు? ఉద్యోగం ఉంది కదా."

"ఉద్యోగం మీరు తీసుకున్నదాంట్లో సగమే సార్. క్యూ ముందు లేపి పంపించారు. నా తప్పు లేదని ఆ క్యూ ముందే చెప్పండి. చెప్పాకే కుర్చీలో కూర్చుంటాను."

"ఆసుపత్రికి ఒక పరువుంటుందమ్మా."

"నాకుండదా?"

ఆవిడ గొంతు పెంచలేదు. కుర్చీ చేతుల్ని మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టలేదు. దాని బదులు లాప్‌టాప్ మూసి ఒళ్లో పెట్టుకున్నాను. "బయట హాల్లో పెద్ద తెర ఉంది కదా సార్, రోగుల వంతు నంబర్లు వచ్చేది. కావాలంటే ఈ పూల ఆట అక్కడ కూడా ఆడి చూపిస్తాను. మీ పేరుతోనే."

"బెదిరిస్తున్నావా?"

"అవును సార్."

ఆయన బాబాయి వైపు తిరిగారు. "ఏమండీ, మీ అమ్మాయిని కాస్త అదుపులో పెట్టుకోరా?"

బాబాయి ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నా వల్ల కాదండీ" అన్నాడు. ఆ గదిలో ఆయన నోరు విప్పింది అదే మొదటిసారి.

సూపరింటెండెంటు లేచారు. ఆయన వెనక అక్క, అక్క వెనక నేను, అందరికంటే వెనక బాబాయి హాల్లోకి నడిచాం. ఆ వేళకి హాలు నిండా జనం. గోడవార బెంచీల మీద రోగులు, వాళ్ల పక్కన అన్నం డబ్బాలతో, దుప్పట్లతో తోడు వచ్చినవాళ్లు. చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ, వెనక ఆ కుర్చీ పట్టుకుని ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి. అతనే ఆ డ్రైవరని అక్క నా చెవిలో చెప్పింది. అక్కని చూసి అతను మొహం తిప్పుకున్నాడు.

"అందరూ ఒక్క నిమిషం వినండి" అన్నారు సూపరింటెండెంటు. "మొన్న జరిగిన అసౌకర్యానికి సంబంధించి, కొన్ని సాంకేతికపరమైన కారణాల రీత్యా, సమగ్ర పరిశీలన అనంతరం..."

"అందరికీ అర్థమయ్యేట్టు చెప్పండి సార్" అంది అక్క.

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "ఈవిడ ఏ పేరూ తీసేయలేదు. ఈవిడ తప్పేమీ లేదు. తొందరపడి పంపించింది నేను."

బెంచీల మీద గుసగుసలు లేచాయి. ఎవరో "నేను అప్పుడే అన్నాను" అన్నారు. అప్పుడెవరూ అనలేదని అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. అక్క కళ్లు తుడుచుకోలేదు, ధారలు కట్టినా అలాగే నిలబడింది. నాకు గెలిచామనిపించింది. ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకోవచ్చనిపించింది.

అప్పుడు డ్రైవరు కుర్చీ వదిలి ముందుకి వచ్చాడు.

"ఈవిడ కాకపోతే మరి ఎవరు తీసేశారు మా అమ్మ పేరు?"

సూపరింటెండెంటు నా వైపు చూశారు. జనమంతా నా వైపు తిరిగారు. అంతదాకా కందిరీగలా ఎగిరిన నాకు అక్కడ మాట పెగల్లేదు. ఏం చెప్పాలి? చీపురనా? అతని తల్లి నా ఎదురుగా ఉంది. చేతి మీద సూదులు గుచ్చిన చోట కట్టు, కట్టు పక్కన నల్లగా కమిలిన చర్మం. "మా కంపెనీ" అని నోరు తెరిచాను.

నా భుజం మీద చెయ్యి పడింది. ఆ చెయ్యి నన్ను మెల్లగా పక్కకి జరిపింది.

"కంపెనీ కాదు. నేను" అన్నాడు బాబాయి. "ఆ సైటు రాసింది నేను. ఒక లింకు తప్పుగా రాశాను. ఈవిడ పాస్‌వర్డ్ తీసుకుని, పనయ్యాక నేను తెరిచిన దారి మూయకుండా వదిలేశాను. మీ అమ్మగారి పేరు పోయింది నా వల్లే. పోయిందని తెలిశాక కూడా ఈవిడ మీదికే పోనిద్దామనుకున్నాను. అదీ నేనే."

ఆ చివరి మాట ఆయన చెప్పనక్కర్లేదు. అది మా ఆఫీసు గదిలో జరిగింది. మేం ముగ్గురం తప్ప ఎవరికీ తెలియదు. ఆయన చెప్పేశాడు.

డ్రైవరు ఆయన చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు. దగ్గరికి వచ్చి మొహంలో మొహం పెట్టి అడిగాడు.

"మా అమ్మ ఊపిరాడక గిలగిల్లాడిందయ్యా. భుజాన వేసుకుని పరిగెత్తాను. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఆఫీసులో టీ తాగుతున్నాను" అన్నాడు బాబాయి. "నాకు తెలియనే తెలియదు."

"తెలియదంటే సరిపోతుందా?"

"సరిపోదు."

అక్క వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. హాల్లో ఎవరూ ఆవిడ వైపు చూడటం లేదు, అందరూ మా బాబాయినే చూస్తున్నారు. డ్రైవరు తిట్టడం మొదలుపెట్టాడు. ముందు మెల్లగా, తర్వాత గొంతెత్తి, అమ్మ పేరు, ఆ సాయంత్రం, ఆ మెట్లు, అన్నీ చెబుతూ తిట్టాడు. నాకు విద్య నేర్పిన మనిషిని నా కళ్ల ముందే ఒకడు అలా తిడుతున్నాడు. అయినా నేను మధ్యలోకి వెళ్లలేదు. బాబాయి కూడా కదల్లేదు. చేతులు కట్టుకోకుండా, తల దించకుండా, అతను ఆపేదాకా అక్కడే నిలబడి విన్నాడు.